మింగినా అరగని శత్రువు

పిల్లలూ! వాతాపి, ఇల్వలుల కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఇల్వలుడనే రాక్షసుడు తన తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, కోసి, వండి, ఇంటికి వచ్చిన అతిథులకు వడ్డించేవాడు. వాళ్ళు సుష్ఠుగా భోంచేసి లేవబోయే వేళకు, "వాతాపీ, బయటికి రా!" అని కేక పెట్టేవాడు. వాతాపి వాళ్ళ పొట్టలు చీల్చుకుని బయటికి వచ్చేవాడు. చివరకు ఒకనాడు అగస్త్య మహర్షి అతిథిగా వచ్చాడు. ఇల్వలుడు ఎన్నిసార్లు పిలిచినా వాతాపి రాలేదు. అగస్త్యుడు వాణ్ణి అప్పటికే అరిగించుకున్నాడు! అందుకే మన ఇళ్ళలో ఈనాటికీ చంటిబిడ్డకు పాలు పట్టి, పొట్ట నిమురుతూ, "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటూ ఉంటారు.

కథలో అగస్త్యుడు ఒక్కడే. మన ఒంట్లో మటుకు కోట్లకొద్దీ చిన్న చిన్న అగస్త్యులు ఉన్నారు. నెత్తుట్లోనూ, ఊపిరితిత్తుల్లోనూ, కాలేయంలోనూ వాళ్ళు రాత్రింబగళ్ళు కాపలా తిరుగుతూ ఉంటారు. లోపలికి వచ్చిన రోగక్రిమిని పట్టుకుని గుటుక్కున మింగేస్తారు. మింగిన క్రిమి సాధారణంగా కాసేపటిలో అరిగిపోతుంది. అయితే కొన్ని క్రిములున్నాయి, అవి మింగినా అరగవు. పైపెచ్చు, తమను మింగినవాడి కడుపులోనే కాపరం పెడతాయి! అది ఎలా సాధ్యం? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

ముందుగా, ఈ అగస్త్యులు ఉన్నారని లోకానికి ఎలా తెలిసిందో చెబుతాను.

ఇల్యా మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన 1845 లో, ఇప్పటి ఉక్రెయిన్ దేశంలోని ఖార్కివ్ నగరం దగ్గర పుట్టాడు. 1882 లో ఆయన సిసిలీ ద్వీపంలోని మెస్సీనా అనే రేవుపట్టణంలో ఉంటున్నాడు. ఒకనాడు ఇంట్లోవాళ్ళంతా సర్కసులో కోతుల ఆటలు చూడటానికి వెళ్ళారు. మెచ్నికాఫ్ వెళ్ళలేదు. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని నక్షత్రచేప పిల్లలను పరీక్షించసాగాడు. అవి సముద్రపు నీటిలో బతికే చిట్టి పిల్లలు. వాటి ఒళ్ళు గాజులాగా ఉంటుంది. లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది.

ఆ పిల్ల ఒంట్లో కొన్ని కణాలు ఒకచోట నిలవకుండా ఇటూ అటూ పాకుతూ ఉండటం ఆయన చూశాడు. "వీటికి ఇక్కడ ఏం పని?" అనుకున్నాడు. ఉన్నట్టుండి ఆయనకు ఒక ఊహ తట్టింది. "పరాయి వస్తువు ఏదైనా ఒంట్లోకి చొరబడితే, దాని మీదపడి పట్టుకోవటమే వీటి పని అయి ఉంటుందా?" ఈ ఊహ రాగానే ఆయన కూర్చోలేకపోయాడు. గదిలో పచార్లు చేశాడు. మనసు కుదుటపరుచుకోవటానికి సముద్రపు ఒడ్డుకు కూడా వెళ్ళివచ్చాడు.

మీకు ఎప్పుడైనా కాలిలో ముల్లు విరిగిందా? దాన్ని తీయకుండా వదిలేస్తే ఒకటి రెండు రోజులకు చుట్టూ ఎర్రగా వాచి చీము పడుతుంది గదా! తన ఊహే నిజమైతే నక్షత్రచేప పిల్లకు కూడా అలాంటిదే జరగాలని మెచ్నికాఫ్ అనుకున్నాడు. ఇంటి తోటలోకి పోయి గులాబీముళ్ళు కొన్ని తెచ్చి, ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే లేచి చూసేసరికి, ముల్లు చుట్టూ ఆ కణాలన్నీ గుమిగూడి ఉన్నాయి!

ఆయన ఈ కణాలకు "తినే కణాలు" అని అర్థం వచ్చేటట్టు గ్రీకు మాటలతో "ఫేగోసైట్లు" అని పేరు పెట్టాడు. మనం వాటిని భక్షక కణాలు అందాం. ఈ పరిశోధనకుగాను 1908 లో ఆయనకు, పాల్ ఎర్లిక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడితో కలిపి, నోబెల్ బహుమానం ఇచ్చారు.

భక్షక కణాలలో పెద్దవాటిని "మేక్రోఫేజ్" లంటారు. పెద్ద తిండిపోతు అని అర్థం. పేరుకు పెద్దవేగాని, మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, అందులో ఇరవై భాగాలంత ఉంటాయి. మీ సైన్సు పుస్తకంలో అమీబా బొమ్మ చూశారా? మేక్రోఫేజ్ కూడా అలాగే ఉంటుంది. దానికి నోరు లేదు, పళ్ళు లేవు. క్రిమి తగలగానే తన ఒంటిని రెండు చేతుల్లాగా చాచి, క్రిమిని చుట్టేసి లోపలికి లాక్కుంటుంది. అలా లోపలికి పోయిన క్రిమి, సన్నటి పొరతో చేసిన సంచిలో చిక్కుతుంది.

కణం లోపల వేరే సంచులు కూడా సిద్ధంగా ఉంటాయి. వీటి పేరు లైసోసోములు. బెల్జియం దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ ద డ్యూవ్ 1955 లో వీటికి ఆ పేరు పెట్టాడు. వాటి నిండా అరిగించే రసాలు ఉంటాయి. ఆ సంచులు వచ్చి, క్రిమి ఉన్న సంచితో కలిసిపోతాయి. రెండు నీటి బొట్లు తగిలి ఒక్కటి అయిపోవటం చూస్తాం గదా, అలాగన్నమాట. వెంటనే లోపల పుల్ల మజ్జిగకు దగ్గరగా వచ్చేటంత పులుపు ఎక్కుతుంది. ఆ పులుపులో రసాలు చురుకుగా పనిచేసి క్రిమిని ముక్కలు చేస్తాయి. ఇవి చాలవన్నట్టు, కణం హైడ్రోజన్ పెరాక్సైడు వంటి ఘాటైన పదార్థాలను కూడా క్రిమి మీద ప్రయోగిస్తుంది. సాధారణ క్రిమి అయితే దీనితో సరి. జీర్ణం!

ఇక మన వాతాపి సంగతికి వద్దాం.

మెచ్నికాఫ్ ముళ్ళు గుచ్చిన ఏడాదే, 1882 మార్చి 24 న, బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ అనే డాక్టరు ఒక గొప్ప సంగతి బయటపెట్టాడు. క్షయరోగం తెచ్చేది ఒక సూక్ష్మజీవి అనీ, తాను దాన్ని చూశాననీ చెప్పాడు. ఆ రోజుల్లో క్షయ అంటే జనం గడగడలాడేవారు. అది ఎందుకు వస్తున్నదో కూడా ఎవరికీ తెలీదు. కాక్ దాని ముసుగు తీశాడు. ఇప్పటికీ ఏటా మార్చి 24 ను ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు.

ఈ క్రిమి సన్నటి పుల్లలాగా ఉంటుంది. దీని ఒంటికి మైనం పూసినట్టుగా కొవ్వుపొర ఉంటుంది. అందువల్ల మామూలు రంగులు దీనికి తొందరగా పట్టవు. రంగు పట్టకపోతే సూక్ష్మదర్శినిలో కనిపించదు. కాక్ దీనికి రంగు పట్టించటానికి చాలా తంటాలు పడవలసివచ్చింది.

క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు కంటికి కనిపించని తుంపరలు గాలిలో తేలుతాయి. వాటిలో క్రిములుంటాయి. పక్కనున్నవాళ్ళు గాలి పీల్చినప్పుడు అవి ఊపిరితిత్తుల చివరనున్న చిన్నచిన్న గాలితిత్తులలోకి పోతాయి. అక్కడ మేక్రోఫేజ్ కాపలా ఉంటుంది గదా! అది రివాజు ప్రకారం క్రిమిని మింగేస్తుంది. సంచిలో వేసేస్తుంది. కాని ఆ తర్వాత జరగవలసింది జరగదు. లైసోసోములు రావు!

ఎందుకు రావు? ఉత్తరం మీద చిరునామా రాసి డబ్బాలో వేస్తే, తపాలా బంట్రోతు దాన్ని చదివి చేరవలసినచోట చేరుస్తాడు. ఎవరైనా చిరునామా చెరిపేస్తే? ఉత్తరం ఎక్కడిదక్కడే పడి ఉంటుంది. కణంలోని సంచులకు కూడా ఇలాంటి చిరునామాలు ఉన్నాయి. సంచి పైపొర మీద ఒక రకమైన కొవ్వు పదార్థం గుర్తుగా ఉంటుంది. ఆ గుర్తు ఉన్న సంచే ముందుకు సాగి లైసోసోములతో కలుస్తుంది. క్షయక్రిమి ఒక పదార్థాన్ని తయారుచేసి, లోపలినుంచే ఆ గుర్తును చెరిపేస్తుంది! దానికి ఇలాంటి ఉపాయాలు ఇంకా కొన్ని తెలుసు. ఈ విధంగా అది పులుపు ఎక్కని, రసాలు రాని సంచిలో హాయిగా కూర్చుంటుంది. అక్కడ దానికి తిండి కూడా దొరుకుతుంది. కణంలో ఉండే కొవ్వునే అది తింటుంది. పోలీసు ఠాణాలో దొంగ బస చేసి, అక్కడి అన్నమే తిన్నట్టయింది!

ఈ సంగతి కనిపెట్టిన ప్రయోగం చాలా చక్కటిది. 1971 లో లండన్ లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని చేశారు. వాళ్ళు మేక్రోఫేజ్ ల లైసోసోములలోకి ఫెర్రిటిన్ అనే ఇనుము కలిసిన పదార్థాన్ని ఎక్కించారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఇది నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. ఆ పైన కణాలకు క్షయక్రిములను మేపారు. చచ్చిపోయిన, దెబ్బతిన్న క్రిములున్న సంచులలో నల్లచుక్కలు కనిపించాయి. అంటే లైసోసోములు వచ్చి కలిశాయన్నమాట. బతికి ఉన్న క్రిముల సంచులలో చాలావాటిలో చుక్కలు లేవు. దీన్నిబట్టి ఏం తెలిసింది? కణానికి చేతకాక కాదు, బతికి ఉన్న క్రిమే తలుపు వేసి గడియ పెడుతున్నది!

అన్ని క్రిములూ ఇదే ఉపాయం పన్నవు. ఒక్కొక్కదానిది ఒక్కొక్క మార్గం.

లిస్టీరియా అని ఒక క్రిమి ఉన్నది. కలుషితమైన తిండి ద్వారా అది మనిషి ఒంట్లోకి వస్తుంది. అది సంచిలో ఒక్క క్షణం కూడా కూర్చోవాలనుకోదు. సంచిపొరకు చిల్లులు పొడిచే పదార్థాన్ని వదిలి, లైసోసోములు వచ్చేలోపల బయటపడుతుంది. తర్వాత కణంలో ఉండే సన్నటి పోగులను తన వెనక తోకలాగా పేర్చుకుని, ఆ తోక నెట్టుతూ ఉంటే తారాజువ్వలాగా దూసుకుపోతుంది. అలా పోయి పక్క కణంలోకి పొడుచుకుని ప్రవేశిస్తుంది. బయటికి రాకుండానే ఇల్లిల్లూ తిరుగుతుందన్నమాట!

మేకల వల్ల, గొర్రెల వల్ల, పశువుల వల్ల మనుషులకు సోకే క్యూ జ్వరం అని ఒకటి ఉన్నది. ఆ జ్వరం తెచ్చే కాక్సియెల్లా క్రిమిది మరీ వింత. అది లైసోసోములను ఆపదు, సంచిని చించదు. "రానివ్వు!" అంటుంది. ఏ పులుపు చూసి ఇతర క్రిములు చస్తాయో, ఆ పులుపులోనే అది చురుకుగా పెరుగుతుంది.

టైఫాయిడు క్రిమి సంగతి కూడా ఇలాంటిదే. మురికి నీటి ద్వారా పేగుల్లోకి వచ్చిన ఈ క్రిమిని మేక్రోఫేజ్ లు మింగుతాయి. సంచిలో పులుపు ఎక్కటం మొదలు పెట్టగానే ఆ క్రిమి, "సరే, చేరవలసిన చోటికి చేరాను" అని తెలుసుకుని, తన ఆయుధాలు బయటికి తీస్తుంది. ఆ సంచినే తనకు అనువుగా మార్చుకుంటుంది. పైగా మేక్రోఫేజ్ లు ఒళ్ళంతా తిరుగుతాయి గనక, వాటిని బండిలాగా వాడుకుని కాలేయానికీ, ప్లీహానికీ, ఎముకల మూలుగకూ ప్రయాణం చేస్తుంది.

ఇంత నేర్పు ఈ క్రిములకు ఎక్కడ అలవడిందీ అని మీకు అనుమానం రావచ్చు. దానికి ఒక జవాబు అమెరికాలో జరిగిన ఒక దుర్ఘటన వల్ల తెలిసింది. 1976 జూలైలో ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల సమావేశం ఒకటి జరిగింది. ఆ సమావేశానికి వచ్చినవాళ్ళలో చాలామందికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మొత్తం 34 మంది చనిపోయారు. ఏ జబ్బో ఎవరికీ అంతు పట్టలేదు. 1977 జనవరిలో శాస్త్రజ్ఞులు ఆ క్రిమిని పట్టుకుని, సైనికుల సంఘం పేరును బట్టి దానికి లెజియోనెల్లా అని పేరు పెట్టారు. అది కూడా మేక్రోఫేజ్ కడుపులో పెరిగే రకమే. అయితే 1980 లో ఇంకొక సంగతి బయటపడింది. ఈ క్రిమి నీటిలో ఉండే అమీబాల కడుపులో కూడా పెరుగుతుంది!

చూశారా తమాషా? చెరువుల్లో, మడుగుల్లో అమీబాలు క్రిములను తిని బతుకుతాయి. అవి మనుషులు పుట్టటానికి ఎన్నో కోట్ల సంవత్సరాల ముందునుంచీ ఈ పనే చేస్తున్నాయి. వాటి కడుపులో పడ్డ క్రిములలో, ఎలాగో అరగకుండా మిగిలినవే వంశాన్ని నిలబెట్టుకున్నాయి. అలా అమీబా దగ్గర నేర్చిన విద్య, అమీబాలాగే ఉండే మన మేక్రోఫేజ్ దగ్గర కూడా పనికివచ్చింది.

మరి ఇలాంటి శత్రువు లోపల ఉంటే మనం ఎలా బతుకుతున్నాం?

మన ఒంటికి కూడా ఉపాయాలు లేకపోలేదు. మేక్రోఫేజ్ ఒంటరి సిపాయి కాదు. టి కణాలని వేరొక రకం తెల్ల కణాలు ఉన్నాయి. మేక్రోఫేజ్ లోపల శత్రువు ఉన్నాడని తెలియగానే టి కణాలు వచ్చి, ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది అందగానే మేక్రోఫేజ్ కు కొత్త బలం వస్తుంది. ఆగిపోయిన సంచులు మళ్ళీ కదులుతాయి. లోపల పులుపు ఎక్కుతుంది. చాలా క్రిములు చస్తాయి. మిగిలినవాటి చుట్టూ కణాలు దడిలాగా కట్టుకుని, వాటిని బయటికి రానివ్వవు. క్రిములు ఆ దడి లోపల చావకుండా, పెరగకుండా, ఏళ్ళ తరబడి పడి ఉంటాయి.

ప్రపంచంలో దాదాపు నలుగురిలో ఒకరికి క్షయక్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భయపడకండి! వాళ్ళంతా రోగులు కారు. దడి గట్టిగా ఉన్నంతకాలం వాళ్ళకు దగ్గు లేదు, జ్వరం లేదు. వాళ్ళవల్ల ఇతరులకు రోగం అంటదు. అలాంటివాళ్ళు నూరుమంది ఉంటే, జీవితకాలంలో జబ్బు పడేది అయిదుగురు మొదలు పదిమంది. అయితే తిండి చాలక ఒళ్ళు చిక్కిపోయినా, చక్కెర జబ్బు వచ్చినా, పొగ తాగినా, టి కణాలను చంపే హెచ్ఐవి సోకినా, ఆ దడి బలహీనపడుతుంది. అప్పుడు క్రిములు సంచులు చించి, కణాలను చంపి బయటికి వస్తాయి. "వాతాపీ, బయటికి రా!" అని ఎవరో పిలిచినట్టే!

ఒంట్లో బలం ఉండటం ఎంత ముఖ్యమో జార్ఖండ్ రాష్ట్రంలో జరిగిన ఒక పరిశోధన రుజువు చేసింది. క్షయరోగులు ఉన్న ఇళ్ళలో, మిగతావాళ్ళకు కూడా కొంతకాలంపాటు నెలనెలా తిండి దినుసులు, విటమిన్లు ఇచ్చి చూశారు. అలా ఇచ్చిన ఇళ్ళలో కొత్తగా క్షయ వచ్చినవాళ్ళ సంఖ్య, ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే, దాదాపు 40 శాతం తగ్గింది. ఈ ఫలితాలను 2023 లో ప్రకటించారు. కడుపునిండా పప్పన్నం తినటం కూడా క్రిమితో యుద్ధమే!

ఇప్పుడు మీ ఎడమ భుజం మీద చూసుకోండి. చిన్న గుండ్రటి మచ్చ ఉన్నదా? అది బి.సి.జి. టీకా మచ్చ. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు, పశువులకు వచ్చే క్షయక్రిమిని 13 ఏళ్ళపాటు ప్రయోగశాలలో పెంచి పెంచి నీరసింపజేశారు. దాన్ని 1921 లో మొదటిసారి పసిబిడ్డకు టీకాగా ఇచ్చారు. ఆ క్రిమి ఎందుకు నీరసించిందో చాలాకాలం తర్వాతగాని తెలియలేదు. మేక్రోఫేజ్ లోని సంచిపొరను చించటానికి పనికివచ్చే ఆయుధం దానికి పోయింది! కోరలు తీసిన పాములాంటి ఆ క్రిమిని చూసి మన టి కణాలు శత్రువును గుర్తుపట్టటం నేర్చుకుంటాయి. మన దేశంలో ఈ టీకాలు వేయటం 1948 లో చిత్తూరు సీమలోని మదనపల్లెలో మొదలయింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచీ పేరుపొందిన క్షయ ఆస్పత్రి ఉన్నది. ఈ టీకా పసిపిల్లలను ప్రాణాంతకమైన క్షయనుంచి బాగా కాపాడుతుంది. పెద్దవాళ్ళకు ఊపిరితిత్తులలో వచ్చే క్షయను మటుకు అంతగా ఆపలేదు. అందుచేత మందులు కూడా కావాలి.

మందు పని ఎంత కష్టమో ఆలోచించండి. నెత్తుట్లో తిరిగే క్రిమిని చంపటం సులువే. కాని ఈ క్రిమి కణంలో ఉన్నది, కణంలోని సంచిలో ఉన్నది, దాని ఒంటిమీద మైనపు పొర ఉన్నది. మందు ఇవన్నీ దాటుకుని పోవాలి. 1943 లో అమెరికాలో, వాక్స్‌మన్ అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే యువకుడు, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ అనే మందు తీశాడు. క్షయకు పనిచేసిన మొదటి మంచి మందు అదే. అయితే అది కణాల లోపలికి బాగా చొరబడలేదు. పైగా ఆ ఒక్క మందే ఇస్తూపోతే, దానికి లొంగని క్రిములు తయారయాయి. అందుకని డాక్టర్లు రెండు మూడు మందులు కలిపి ఇవ్వటం నేర్చుకున్నారు. వీటిలో పైరజినమైడ్ అనే మందు మరీ విచిత్రమైనది. అది పులుపు ఉన్నచోటనే బాగా పనిచేస్తుంది. ఇతర మందులకు అందని మూలల్లో నక్కిన క్రిములను అది వెతికి పట్టుకుంటుంది.

ఒకప్పుడు క్షయరోగిని ఇంటినుంచి వేరుచేసి, కొండమీదో అడవిలోనో ఉన్న ఆస్పత్రికి పంపి, నెలల తరబడి పడుకోబెట్టేవారు. తల్లికి జబ్బు చేస్తే పిల్లలు ఆమెను చూడటానికి కూడా వీలుండేది కాదు. 1956 లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడివాళ్ళు రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టును ఆస్పత్రిలో ఉంచారు. రెండో జట్టువాళ్ళు తమ తమ ఇళ్ళలోనే ఉండి మందులు తిన్నారు. 1959 లో ఫలితం ప్రకటించారు. మందులు సరిగా తింటే, ఇరుకిళ్ళలో ఉన్న పేదవాళ్ళకు కూడా ఆస్పత్రిలో ఉన్నవాళ్ళతో సమానంగానే నయమయింది. అంతకన్న గొప్ప సంగతి ఏమంటే, రోగి ఇంట్లో ఉండటం మూలాన ఇంట్లోవాళ్ళకు రోగం ఎక్కువగా ఏమీ అంటలేదు. ఈ ఒక్క పరిశోధన వల్ల, ప్రపంచంలో ఎంతోమంది తల్లులూ తండ్రులూ తమ పిల్లల దగ్గరే ఉండి ఆరోగ్యవంతులు కాగలిగారు.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన సంగతి చెబుతాను, జాగ్రత్తగా వినండి.

క్షయక్రిమి చాలా మందకొడిది. మన పేగుల్లో ఉండే ఒక రకం క్రిమి, మంచి తిండి దొరికితే, 20 నిమిషాలకు ఒకసారి రెండు అవుతుంది. క్షయక్రిమి రెండు కావటానికి దాదాపు 20 గంటలు పడుతుంది. లెక్క వేసి చూడండి. ఒక్క క్షయక్రిమి 4,096 క్రిములు కావటానికి 10 రోజులు పడుతుంది. అదే ఆ పేగుల్లోని క్రిమికి 4 గంటలు చాలు! నెమ్మదిగా పెరిగే క్రిమి కదా, సులువుగా చస్తుందనుకుంటారు కాబోలు. కాదు. చాలా మందులు, క్రిమి పెరిగే సమయంలోనే దాన్ని దెబ్బ తీస్తాయి. నిద్రపోతున్న క్రిమి మీద వాటి దెబ్బ అంతగా పనిచేయదు. అందువల్లనే మామూలు క్షయకు ఆరు నెలల పాటు మందులు తినాలి. మొదటి రెండు నెలలలో, పెరుగుతున్న క్రిములు చాలావరకు చస్తాయి. తర్వాతి నాలుగు నెలల మందులు, సంచులలోనూ దడుల లోపలా నిద్రపోతున్నవాటి కోసం.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు తేరుకుంటుంది. "నాకు నయమయింది, ఇంకా ఈ మాత్రలెందుకు?" అని కొందరు మానేస్తారు. క్రిమికి కావలసింది సరిగ్గా అదే! అది మళ్ళీ లేస్తుంది. ఈసారి ఆ మందులకు లొంగని క్రిమిగా కూడా లేవవచ్చు. అప్పుడు చికిత్స మరీ కష్టమవుతుంది.

2023 లో ప్రపంచంలో దాదాపు 1 కోటి 8 లక్షల మందికి క్షయ వచ్చింది. పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. జబ్బు పడినవాళ్ళలో, నలుగురికి ఒకరు చొప్పున మన దేశంవాళ్ళే. నయంచేసే మందు ఉన్న రోగంతో ఇంతమంది పోవటం ఎంత విచారం!

ఇందులో మీరు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగున గాని ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు తగ్గకపోతే, సర్కారు ఆస్పత్రికి వెళ్ళి తెమడ పరీక్ష చేయించుకోమని చెప్పండి. అక్కడ పరీక్షకూ, మందులకూ కూడా డబ్బు తీసుకోరు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. గదిలో కిటికీలు తెరిచి గాలీ వెలుతురూ రానివ్వండి. తాగే నీరు కాచి తాగితే టైఫాయిడు సోకే ప్రమాదం కూడా తగ్గుతుంది.

క్షయ ఉన్నవాళ్ళను వెలివేయకండి. వాళ్ళు తిన్న కంచం తాకితే, తాగిన గ్లాసు తాకితే ఆ రోగం అంటుకోదు. వాళ్ళతో మాట్లాడటం మానేస్తే వాళ్ళు రోగాన్ని దాచుకుంటారు. దాచుకున్న రోగమే నలుగురికీ అంటుతుంది.

మీ తాతయ్యో, పిన్నిగారో, మీతో చదువుకునే స్నేహితుడో ఆ మందులు తింటూ ఉంటే, గోడమీది క్యాలెండరులో రోజూ మాత్ర వేసుకోగానే ఒక గీత పెట్టే పని మీరు తీసుకోండి. నయమయిందిగదా అని వాళ్ళు విసుక్కుంటే, మేక్రోఫేజ్ కడుపులో గడియ పెట్టుకుని నిద్రపోతున్న క్రిమి సంగతి వాళ్ళకు చెప్పండి. డాక్టరు చాలునని చెప్పేదాకా ఒక్క గీత కూడా తప్పనివ్వకండి. ఆ వాతాపి జీర్ణం కావాలంటే, లోపలి అగస్త్యుడికి మీ సాయం కూడా కావాలి మరి!